రెక్క, నోరు, నడుము: కీటక క్రమాలను గుర్తించే తీరు

చిత్తూరు జిల్లాలో మామిడి పూతకు వచ్చింది మొదలు కాయ కోతకు వచ్చే దాకా ఒక్క తోతాపురి చెట్టును ఓపికగా గమనిస్తే చాలు, కీటక ప్రపంచంలోని పెద్ద క్రమాలన్నీ (ఆర్డర్లు, అంటే పోలికలున్న కుటుంబాలను కలిపిన పెద్ద వర్గాలు) దాదాపుగా ఆ చెట్టు మీదే కనబడతాయి. పూత కాడలను అంటిపెట్టుకుని రసం పీల్చే తేనెమంచు పురుగు హెమిప్టెరా క్రమానికి చెందినది. పూలలో దాగి కణజాలాన్ని గీకి తినే తామర పురుగుది థైసనోప్టెరా. పూతను గూడులా అల్లుకుని లోపల తినే గొంగళి లెపిడోప్టెరా. కాయ పక్వానికి వచ్చేసరికి చేరే పండు ఈగ డిప్టెరా. టెంకలో పెరిగే ముక్కు పురుగు, కాండాన్ని తొలిచే పెద్ద పెంకు పురుగు రెండూ కోలియోప్టెరా. ఆకులను కలిపి గూడు కట్టే ఎర్రచీమలు హైమెనోప్టెరా. ఇన్ని రకాల జీవులకు ఒకే మందు పనిచేయదు. వాటి నోళ్లు వేరు, ఎదిగే తీరు వేరు, దాగే చోటు వేరు. పైగా ఆ ఎర్రచీమల వంటివి తోటకు మేలు చేసేవి కూడా. ఈ తేడాల్లో చాలా భాగం క్రమం తెలిస్తేనే తెలిసిపోతాయి కాబట్టి, పురుగును గుర్తించడంలో మొదట తేల్చవలసింది జాతి పేరు కాదు, అది ఏ క్రమానికి చెందిందన్నది.

అంతకంటే ముందు, కనబడినది అసలు కీటకమేనా అన్నది చూడాలి. తల, వక్షం, ఉదరం అని మూడు భాగాలుగా విడివడిన శరీరం, వక్షానికి మూడు జతల కాళ్లు, తలకు ఒక జత స్పర్శశృంగాలు (మీసాలు) ఉండటం ఎదిగిన కీటకపు లక్షణం. రెక్కలు ఉంటే అవి కూడా వక్షం నుంచే పుడతాయి. ఆరుద్ర కార్తెలో తొలకరి పడగానే చేల గట్ల మీద ఎర్రని మఖమల్ ముద్దలా నడిచే ఆరుద్ర పురుగుకు ఎనిమిది కాళ్లు ఉంటాయి, స్పర్శశృంగాలు ఉండవు. అది నల్లి జాతి జీవి, సాలీడుకు దగ్గరి చుట్టం. అయితే అదే ఆరుద్ర పురుగు గుడ్డులోంచి వచ్చిన తొలి దశలో ఆరు కాళ్లతోనే ఉంటుంది. కాళ్ల లెక్క ఒక్కటే చూసి నిర్ణయానికి రాకూడదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. కూరగాయల ఆకుల అడుగున సన్నని గూడు అల్లే ఎర్రనల్లి కూడా ఈ కోవలోదే. దానికి కీటకనాశని కాక నల్లిని చంపే మందు కావలసి రావడానికి కారణం ఇదే.

కీటకాలను రెక్కల ఆధారంగా క్రమాలుగా విడదీసే పద్ధతి పాతది. స్వీడన్ శాస్త్రజ్ఞుడు కార్ల్ లిన్నేయస్ 1758లో కీటకాలను ఏడు క్రమాలుగా విభజించాడు. వాటిలో ఆరు రెక్కల లక్షణాలను బట్టి ఏర్పడినవి. ఏడవది రెక్కలు లేనివాటన్నిటినీ ఒకచోట పోగేసిన క్రమం. అందులో పేలు, గోమార్లతో పాటు సాలీళ్లు, పీతలు కూడా ఉండేవి. ఆయన శిష్యుడైన యోహాన్ క్రిస్టియన్ ఫాబ్రీషియస్ 1775లో రెక్కలను పక్కనబెట్టి ముఖాంగాల (నోటి భాగాల) ఆధారంగా మరో వర్గీకరణ చేశాడు. నేటి పద్ధతి ఈ రెండింటికీ ఎదుగుదల తీరును, జన్యు సంబంధాన్ని జోడించి కీటకాలను సుమారు ముప్పై క్రమాలుగా చూస్తుంది. ఇంతవరకు శాస్త్రజ్ఞులు వర్ణించిన కీటక జాతులు పది లక్షల వరకు ఉన్నాయి. వాటిలో అత్యధిక భాగం కోలియోప్టెరా, హెమిప్టెరా, డిప్టెరా, హైమెనోప్టెరా, లెపిడోప్టెరా అనే ఐదు క్రమాల్లోనే ఉన్నాయి కాబట్టి, ఆ ఐదింటిని గట్టిగా పట్టుకున్నవారు పొలంలోనో పెరట్లోనో కనబడే పురుగుల్లో ఎక్కువ శాతాన్ని సరిగానే గుర్తించగలుగుతారు.

ఆ ఐదింటిలో పెద్దది పెంకు పురుగుల క్రమం, కోలియోప్టెరా. జాతులు సుమారు నాలుగు లక్షలు. ముందు రెక్కలు గట్టిపడి పెంకుగా మారి, వీపు నడిమధ్యన ఒకదానికొకటి తిన్నని గీతగా కలుసుకుంటాయి. ఎగరడానికి పనికివచ్చే పలుచని వెనుక రెక్కలు వాటి కింద మడిచి ఉంటాయి. ఆ నడిగీత కనబడితే దాదాపుగా నిర్ధారణ అయినట్టే. పేనుబంకను తినే అక్షింతల పురుగు, కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ము పురుగు, పేడను ఉండలు చేసి దొర్లించే పేడ పురుగు, తలకోన అడవిలో రాత్రిపూట వెలిగే మిణుగురు అన్నీ ఈ క్రమానివే. నోరు కొరికి నమిలే రకం. ముక్కు పురుగుల దగ్గర మాత్రం కొత్తవారు తడబడతారు: ముందుకు సాగిన ఆ పొడవాటి ముక్కును చూసి, ఇది రసం పీల్చేదేమోనని అనుకుంటారు. భూతద్దంతో చూస్తే ముక్కు చివర చిన్న దవడలు ఉంటాయి, మోచేయిలా వంగిన స్పర్శశృంగాలు ఆ ముక్కు మీది నుంచే పుడతాయి. బియ్యంలో తిరిగే మూడు మిల్లీమీటర్ల ముక్కు పురుగును తెల్లకాగితం మీద వేసి చూస్తే ఈ లక్షణంతో పాటు పెంకుల మీద లేత ఎరుపు మచ్చలు నాలుగు కూడా కనబడతాయి. మామిడి టెంక పురుగు దీనికి పెద్ద బంధువు. పిందె దశలో కాయ పైన పెట్టిన గుడ్డు నుంచి వచ్చిన పిల్ల పురుగు గుజ్జును దాటి టెంకలోకి చేరుకుంటుంది. ఆ దారి తర్వాత పూడుకుపోతుంది కనుక కాయ పైకి చక్కగానే కనబడుతుంది.

వేరుశనగ రైతుకు నష్టం చేసే వేరుపురుగు కూడా పెంకు పురుగే, కానీ పంటను దెబ్బతీసేది మట్టిలో ఉండే దాని పిల్ల దశ. తొలి మంచి వాన పడిన సాయంత్రాల్లో గోధుమ రంగు తల్లి పురుగులు నేలలోంచి బయటికి వచ్చి వేప వంటి చెట్లను చేరి ఆకు తింటాయి. ఆ సాయంత్రం చెట్టు మీద చూసిన పెంకు పురుగుకూ, తర్వాత వేళ్ల దగ్గర తవ్వితే బయటపడే తెల్లటి వంకర పురుగుకూ సంబంధం తెలిసినవారు కొమ్మలు దులిపి తల్లి పురుగులను ఏరివేయడం దగ్గరే పని మొదలుపెడతారు. క్రమాన్ని గుర్తించడం పొలంలో పనికివచ్చే చోటు ఇదే.

హెమిప్టెరాను గుర్తించడానికి రెక్కల కంటే ముందు నోటిని చూడాలి. తల కింది భాగం నుంచి మొదలై, విశ్రాంతిగా ఉన్నప్పుడు కాళ్ల నడుమగా వెనక్కి మడిచి ఉండే సూదిలాంటి తొండం ఈ క్రమంలో అన్నిటికీ ఉమ్మడి లక్షణం. మొక్క రసమైనా, ఇతర కీటకాల రసమైనా, మంచాల్లో దాగే నల్లి (ఇది ఎర్రనల్లిలా సాలీడు చుట్టం కాదు, కీటకమే) విషయంలో మనిషి రక్తమైనా ఈ తొండంతో పీల్చవలసిందే. రెక్కల్లో మాత్రం రెండు తీరులు ఉన్నాయి. ఒక తెగలో ముందు రెక్క మొదటి సగం తోలులా మందంగా, చివరి సగం పారదర్శకమైన పొరలా ఉంటుంది. రెక్కలను వీపు మీద చదునుగా, ఒకదానిపై ఒకటి వేసుకోవడంతో చివరన ఇంటూ గుర్తులాంటి ఆకారం ఏర్పడుతుంది. రెక్కల మొదళ్ల మధ్య ఒక త్రికోణం స్పష్టంగా కనబడుతుంది. పత్తి, బెండ కాయల మీద గుంపుగా చేరే ఎరుపు నలుపు పురుగులు, ముట్టుకుంటే ఘాటైన వాసన వదిలే పచ్చ పురుగులు, చెరువు నీటి మీద జారుతూ నడిచే సన్నకాళ్ల పురుగులు ఈ తెగవి. పెంకు పురుగుతో పొరబడే ప్రమాదం ఉన్నవి కూడా ఇవే. వీపు మీద తిన్నని నడిగీత ఉంటే పెంకు పురుగు, ఇంటూ గుర్తూ త్రికోణమూ ఉంటే హెమిప్టెరా.

రెండో తెగలో ముందు రెక్క మొదటి నుంచి చివరి దాకా ఒకే మందంతో ఉంటుంది. రెక్కలు వీపుకు రెండు వైపులా వాలుగా దిగుతాయి. మామిడి తేనెమంచు పురుగు, వేసవిలో శేషాచలం అడవులను హోరెత్తించే సికాడా, పేనుబంక, పిండినల్లి, తెల్లదోమ, వరి సుడిదోమ, వేరుశనగ పచ్చదోమ ఈ కోవకు చెందినవి. వ్యవసాయంలో దోమలని పిలుచుకునే చివరి మూడింటికీ మనుషులను కుట్టే దోమకూ ఏ చుట్టరికమూ లేదు: వీటికి రెండు జతల రెక్కలు, అసలు దోమకు ఒకే జత. తేనెమంచు పురుగును పట్టి చూడటం కొంచెం కష్టమే. నాలుగైదు మిల్లీమీటర్ల పొడవు, తల వైపు వెడల్పుగా ఉండి వెనక్కి పోనుపోను సన్నబడే ఆకారం, చెయ్యి దగ్గరకు రాగానే పక్కకు నడిచి ఎగిరి దూకే అలవాటు ఉన్న ఈ పురుగును గాజు సీసాలోకి తట్టి పట్టాలి. వెనుక కాళ్ల పిక్కల వెంట వరుసగా ముళ్లు కనబడితే అది ఆకులపై దూకే పురుగుల కుటుంబానిదని ఖాయం. అది పీల్చిన రసంలో మిగులు చక్కెరంతా జిగురు ద్రవంగా బయటికి రావడం, దాని మీద నల్లని మసి తెగులు పెరగడం ఆ తొండం వల్ల కలిగే పర్యవసానాలే. ఆకును కొరికే నోటికి ఇటువంటి విసర్జన ఉండదు. అందువల్ల పురుగు చేతికి చిక్కకపోయినా, ఆకు మీది మసిని చూసి పైన రసం పీల్చేదేదో ఉందని చెప్పవచ్చు.

డిప్టెరా గుర్తింపు తేలిక: రెక్కలు ఒకే జత. వెనుక రెక్కలు ఉండవలసిన చోట గుండీలాంటి తల ఉన్న సన్నని కాడలు రెండు మిగిలి ఉంటాయి. వాటిని హాల్టీర్లు అంటారు. ఎగిరేటప్పుడు ఇవి రెక్కలతో పాటు వేగంగా ఊగుతూ, శరీరం ఏ వైపు ఎంత తిరిగిందో నాడీ వ్యవస్థకు తెలియజేస్తాయి. ఈగ గాలిలో అంత చటుక్కున మలుపు తిరగగలగడం వాటి చలవే. మామిడి తోటల్లో వేలాడదీసే మిథైల్ యూజినాల్ ఎరల్లో చిక్కిన పండు ఈగలను చూస్తే, ఛాతీ మీది పసుపు చారల వల్ల, నడుము సన్నగా ఉండటం వల్ల చిన్న కందిరీగలనిపిస్తాయి. ఒకదాన్ని తీసి రెక్కను మెల్లగా పక్కకు జరిపితే కింద మరో రెక్క ఉండదు, లేత రంగు హాల్టీర్ కనబడుతుంది. సందేహం అక్కడితో తీరిపోతుంది. ఆ ఎర మగ ఈగలనే ఆకర్షిస్తుంది కాబట్టి వాటిలో కాయ తోలును గుచ్చి గుడ్లు పెట్టే మొనదేలిన అవయవం ఉండదు. పూల మీద గాలిలో నిశ్చలంగా నిలిచే చారల ఈగలు కూడా తేనెటీగలను అనుకరిస్తాయి, కానీ పొట్టి స్పర్శశృంగాలు, తలనంతా ఆక్రమించిన కళ్లు, ఒకే జత రెక్కలు వాటి గుట్టు బయటపెడతాయి. కుప్పం, పలమనేరు ప్రాంతాల పట్టు రైతులకు బాగా తెలిసిన ఊజీ ఈగ కూడా ఈ క్రమానిదే. అది పట్టుపురుగు ఒంటి మీద గుడ్డు పెడుతుంది, పిల్ల పురుగు చర్మాన్ని తొలిచి లోపలికి పోయిన చోట నల్లని మచ్చ మిగులుతుంది.

ఒకే జత రెక్కలున్నవన్నీ ఈగలు కావన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. పిండినల్లుల్లో మగవాటికి కూడా ఒకే జత రెక్కలుంటాయి. ఆడవాటికి అసలు రెక్కలే ఉండవు.

చీమలు, తేనెటీగలు, కందిరీగలు చేరిన హైమెనోప్టెరాలో రెండు జతల పొర రెక్కలు ఉంటాయి. వెనుక రెక్కలు చిన్నవి. వాటి ముందంచున ఉన్న సూక్ష్మమైన కొక్కేలు ముందు రెక్క వెనకంచు మడతను పట్టుకోవడం వల్ల రెండూ ఒకే రెక్కగా ఆడతాయి. ఉదరం మొదట్లో నొక్కినట్టు సన్నబడిన నడుము వీటిలో ఎక్కువ వాటికి ఉండే గుర్తు. గుడ్లు పెట్టే అవయవమే కొన్నిటిలో ముల్లుగా మారింది కనుక కుట్టేవన్నీ ఆడవే. కొండ చరియలకు వేలాడే పెద్ద తేనెపట్టు మీది ఈగలకైనా, చూరు కింద మట్టిగూడు కట్టే కందిరీగకైనా ఈ లక్షణాలు సమానం.

తొలి వానల రాత్రి దీపాల చుట్టూ ముసిరే ఈసుళ్లను రెక్కల చీమలని భ్రమపడటం తిరుపతి వంటి పట్టణాల్లో ఇప్పటికీ మామూలే. పళ్లెంలో నీళ్లు పోసి దీపం కింద పెడితే రెండూ దొరుకుతాయి, పక్కపక్కన పెట్టి చూడవచ్చు. రెక్కల చీమకు ముందు రెక్క పెద్దది, వెనుకది చిన్నది, నడుము సన్నం, స్పర్శశృంగం మోచేయిలా వంగి ఉంటుంది. ఈసుడికి నాలుగు రెక్కలూ ఒకే పొడవు, ఒకే ఆకారం, శరీరాన్ని దాటి బాగా వెనక్కి సాగుతాయి. నడుము అనేదే లేకుండా వక్షమూ ఉదరమూ వెడల్పుగా కలిసిపోతాయి. స్పర్శశృంగం పూసలు గుచ్చినట్టు తిన్నగా ఉంటుంది. రెక్క మొదట్లో ఉన్న గీత దగ్గర అవి తేలికగా విరిగిపోతాయి కాబట్టే తెల్లవారేసరికి వాకిట్లో రెక్కల రాశి మిగులుతుంది. చెద పురుగుల్లో రెక్కలు వచ్చిన వంశకర్తలే ఈసుళ్లు. పుట్టలు కట్టేవీ ఆ చెద పురుగులే. రెక్కల సమానత్వం వల్ల చాలాకాలం వీటిని ఐసోప్టెరా అనే ప్రత్యేక క్రమంగా చూశారు. 2007లో వెలువడిన జన్యు అధ్యయనం చెద పురుగులు బొద్దింకల వంశంలో ఒక శాఖేనని బలంగా చూపడంతో ఇప్పుడు వాటిని బొద్దింకలతో కలిపి బ్లాటోడియాలో ఉంచుతున్నారు. పైరూపం చీమకు దగ్గర, రక్తం బొద్దింకకు దగ్గర!

సీతాకోకచిలుకలు, రెక్కల పురుగుల (మాత్‌ల) క్రమమైన లెపిడోప్టెరాను ఎవరికీ పరిచయం చేయనక్కరలేదు. రెక్కల మీద ఇంటి పైకప్పు పెంకుల్లా ఒకదానిపై ఒకటి పేర్చిన పొలుసులు పట్టుకోగానే పొడిగా వేళ్లకు అంటుకుంటాయి. చాలావాటికి చుట్టుకునే తొండం ఉంటుంది. పట్టు చిలుకకు నోరు కుంచించుకుపోయి పనికిరాకుండా ఉంటుంది. బయటికి వచ్చాక అది ఏమీ తినదు. సీతాకోకచిలుక స్పర్శశృంగం చివర గుండుగా ఉబ్బి ఉంటుంది. రాత్రి తిరిగే రెక్కల పురుగులకు అది దారంలానో, ఈకలానో ఉంటుంది. వేరుశనగకు వచ్చే ఎర్ర గొంగళి పురుగు తల్లి రెక్కల పురుగే: తెల్లని ముందు రెక్కల అంచున పసుపు గీత, వెనుక రెక్కల మీద నల్లని మచ్చలు. వానలు పడ్డాక నేలలోని ప్యూపాల (గొంగళి రెక్కల పురుగుగా మారే కదలని దశ) నుంచి గుంపుగా బయటికి వచ్చి దీపాలకు చేరుతుంది కాబట్టి, ఈ గుర్తులు తెలిసినవారు చేలో గొంగళ్లు కనబడక ముందే ముప్పును పసిగట్టగలుగుతారు.

మిడత, కీచురాయి ఉన్న ఆర్థోప్టెరాకు దూకడానికి వీలుగా బలిసిన వెనుక తొడలే ఆనవాలు. పొట్టి స్పర్శశృంగాల మిడతకు చెవి ఉదరం మొదటి ఖండంలో, పొడవైన స్పర్శశృంగాల కీచురాయికి ముందు కాళ్ల మీద ఉంటాయి. ముందు కాళ్లను ముళ్లతో ముడుచుకుని, త్రికోణపు తలను ఇటూ అటూ తిప్పగలిగే మాంటిస్ వేరే క్రమం.

నీటి వద్దకు వెళితే తూనీగల ఓడొనేటా ఎదురవుతుంది. సన్నని ఈనెల వల ఉన్న నాలుగు రెక్కలు, పెద్ద కళ్లు, కంటికి ఆనీ ఆననట్టుండే వెంట్రుకంత స్పర్శశృంగాలు వీటి గుర్తులు. వానాకాలం చివర్లో కల్యాణి డ్యాం పరిసరాల్లోనూ మైదానాల మీదా గుంపులుగా తేలే పసుపు రంగు తూనీగల జాతి సముద్రం దాటి ఆఫ్రికా తూర్పు తీరం దాకా వలస పోతుంది. తూనీగను పోలి మోసగించేది న్యూరోప్టెరాలోని ఒక పురుగు. మెత్తని మట్టిలో గరాటులాంటి గుంటలు తవ్వి చీమల కోసం అడుగున పొంచి ఉండే పిల్ల పురుగు పెరిగితే ఇది అవుతుంది. దాని స్పర్శశృంగాలు బాగా కనబడేంత పొడవు, చివర గుండు. కూర్చున్నప్పుడు రెక్కలను వాలుగా ముడుస్తుంది. పేనుబంకను తినే పచ్చని అల్లిక రెక్కల పురుగు కూడా న్యూరోప్టెరాదే. తామర పురుగుల రెక్కలు మరీ సన్నని పట్టీలు, అంచుల వెంట పొడవైన వెంట్రుకల కుచ్చు. ఒకటి రెండు మిల్లీమీటర్ల ఈ పురుగును భూతద్దం లేకుండా తేల్చి చెప్పడం సాధ్యం కాదు.

ఇప్పటివరకు చెప్పినదంతా రెక్కలొచ్చిన పురుగు గురించి. పొలంలో ఎక్కువగా చేతికి దొరికేవి పిల్ల దశలు, వాటికి రెక్కలుండవు. హెమిప్టెరా, ఆర్థోప్టెరా వంటి వాటిలో పిల్ల పురుగు చాలావరకు తల్లి పోలికతోనే పుట్టి, కుబుసం విడిచినప్పుడల్లా రెక్కల మొగ్గలు పెరుగుతూ వస్తాయి కాబట్టి నోటిని చూసి క్రమం చెప్పవచ్చు. మిగతా పెద్ద క్రమాలు నాలుగింటిలోనూ ప్యూపా దశ ఉంది, పిల్లకూ తల్లికీ పోలికే ఉండదు. అక్కడ కాళ్లే ఆధారం. వంకరగా ముడుచుకుని, గోధుమ రంగు తల, వక్షం మీద మూడు జతల కాళ్లు ఉండి, ఉదరానికి కాళ్లు లేకపోతే అది వేరుపురుగు వంటి పెంకు పురుగుల సంతతి. అయితే ముక్కు పురుగుల పిల్లలకు ఆ మూడు జతలు కూడా ఉండవు, గట్టి తల మాత్రమే ఉంటుంది. కాళ్లూ లేక, స్పష్టమైన తలా లేక, ఒక కొస మొనదేలి ఉంటే ఈగ పిల్ల; పండిన మామిడి గుజ్జులో మెదిలేది అదే. ఉదరానికి కూడా మెత్తని కాళ్లుంటే గొంగళి. ఇక్కడ లెక్క అవసరమవుతుంది: గొంగళికి అటువంటి జతలు ఐదుకు మించవు, వాటి అడుగున సూక్ష్మమైన కొక్కేలుంటాయి. ఆముదం మీది దాసరి పురుగులో ముందు జతలు కుంచించుకుపోవడం వల్లే అది గూని వేసుకుని నడుస్తుంది. ఆవ ఆకు తినే రంపపు ఈగ పిల్ల అచ్చం గొంగళిలాగే ఉంటుంది గాని, ఉదరానికి ఎనిమిది జతల కాళ్లు, కొక్కేలు శూన్యం. అది కందిరీగల క్రమానికి చెందినది. గొంగళి పురుగులను మాత్రమే చంపే బ్యాక్టీరియా మందును దాని మీద చల్లితే ఫలితం ఉండదు.

నమూనాలు సేకరించేవారు ఈ గుర్తులేవీ చెడకుండా భద్రపరచాలి. వ్యవసాయ కళాశాలల్లో విద్యార్థులు తయారుచేసే కీటకాల పెట్టెల్లో సూది గుచ్చే చోటు క్రమాన్ని బట్టి మారుతుంది. పెంకు పురుగుకు కుడి పెంకు మొదట్లో, హెమిప్టెరాకు వీపు త్రికోణంలో కాస్త కుడివైపు, ఈగలకూ కందిరీగలకూ వక్షం మీద నడిమికి కుడిగా గుచ్చుతారు. అప్పుడు ఒక పక్క దెబ్బతిన్నా ఎడమ పక్క లక్షణాలు చెక్కుచెదరకుండా మిగులుతాయి. సీతాకోకచిలుకకు, తూనీగకు మాత్రం వక్షం నడిమధ్యనే. పేనుబంక, తామర పురుగులు, పిల్ల దశలు ఎండితే ముడుచుకుపోయి గుర్తుపట్టరాకుండా అవుతాయి కాబట్టి వాటిని 70 శాతం ఆల్కహాల్‌లో, పట్టిన తేదీ, ఊరు, పంట పేరు పెన్సిల్‌తో రాసిన చీటీని కూడా అదే సీసాలో వేసి ఉంచుతారు. సిరా అయితే ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.